ఒక్క ఆకూ రాలని చెట్టు

ఆ రోజు ఉదయం కౌంటరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను రైలెక్కించాలి, ఇంటికొచ్చి కాఫీ కలుపుకోవాలి, హాల్లో కిటికీ పక్కనున్న అంజూర చెట్టుకు చెంబుడు నీళ్లు పోయాలి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవాలి. చెట్టు అటూ ఇటూ పారిపోయేది కాదు కాబట్టి ఈ మాత్రం పని తన వల్ల అవుతుందని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంట్లో మరెవరికీ లేకపోవడమే చిక్కు.

కౌంటరాయన అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఫ్యాన్ల కంపెనీలో ఉద్యోగమంతా ఫిర్యాదుల కౌంటరు వెనకే గడిపి రిటైరైన మనిషికి లోకం పెట్టిన పేరు. ఆ కౌంటరులో ఆయనది ఒకటే సూత్రం. తిరగని ఫ్యాను పట్టుకొచ్చిన మనిషి నోరు తెరిచేలోపే అదే రంగు, అదే సైజు కొత్త ఫ్యాను చేతిలో పెట్టి పంపేయాలి. ఎందుకు తిరగలేదు, తప్పెవరిది, రెక్క వంగిందా, తీగ కాలిందా అనే విచారణలు ఆయనకు గిట్టవు. "వచ్చినవాడికి కావలసింది కారణం కాదయ్యా, గాలి" అనేవాడు.

ఈ సూత్రాన్ని ఆయన ఇంటిక్కూడా మోసుకొచ్చాడు. గాజు గ్లాసు పగిలితే భార్య చూసేలోపు అలాంటిదే అలమరలోకి చేరేది. కూతురు చిన్నప్పుడు ముద్దుగా పెంచుకున్న తెల్ల కుందేలు రెండుసార్లు కన్నుమూసింది. రెండుసార్లూ పిల్ల బడి నుంచి వచ్చేసరికి తెల్ల కుందేలొకటి బోనులో కూర్చుని క్యారెట్టు కొరుకుతూనే ఉంది. ఉన్నట్టుండి ఇంత లావైందేమిటని పిల్ల అడిగితే "బాగా తింటోందిగా తల్లీ" అన్నాడు. పెళ్లై, ఒక బిడ్డకు తల్లై కూడా ఆమె తన కుందేలు ఎంత దీర్ఘాయుష్షు గలదో నలుగురికీ చెప్పి మురిసిపోతూనే ఉంది.

ఇప్పుడా కూతురి ప్రసూతి సెలవు అయిపోవచ్చింది. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. పగలు పాపను ఎవరు చూడాలి? అమ్మమ్మ ఇంకా బడిలో పాఠాలు చెబుతోంది. ఖాళీగా ఉన్నది కౌంటరాయన ఒక్కడే. ఖాళీ అంటే అలాంటిలాంటి ఖాళీ కాదు, ఫోను మోగితే అది రాంగ్ నంబరైనా సంతోషించేంత ఖాళీ. పాకడం నేర్చిన ఆ పాప తాతయ్య ముక్కు పట్టుకుంటే గానీ నిద్రపోదు. వారానికోసారి తన ముక్కు ఆ గుప్పిట్లో చిక్కినప్పుడు, ఉద్యోగం పోయాక కూడా తనతో ఎవరికో పని ఉందనిపించి పాప నిద్రపోయాక కూడా ఆయన కదిలేవాడు కాదు. పాపను రోజూ తన చేతికిస్తారన్న ఆశతోనే ఈమధ్య పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు.

"పాపని చూడ్డమంటే ఫ్యాను చూడ్డం కాదు నాన్నా. స్విచ్చేసి వదిలేస్తే కుదరదు" అంది కూతురు. క్రెష్‌లో మాట్లాడి కూడా పెట్టింది.

"నాకొక్క ఛాన్సివ్వమ్మా" అన్నాడు కౌంటరాయన. ఆయన ఎవరినైనా బతిమాలడం ఇంట్లోవాళ్లు చూడటం అదే మొదలు.

తల్లీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే భార్య చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అక్క వెళ్లి కొన్నాళ్లు ఉండక తప్పదు. కూతురికి ఒక ఉపాయం తట్టింది.

"సరే. అమ్మ పిన్ని దగ్గర్నుంచి వచ్చేదాకా ఆ అంజూర చెట్టు నీ పూచీ. అమ్మొచ్చేసరికి చెట్టు బాగుంటే పాప నీ దగ్గరే. లేదంటే క్రెష్. ఇంక బతిమాలకూడదు."

భార్య రైలు కిటికీలోంచి కూడా అదే పాట. "ఎక్కువ నీళ్లు పొయ్యకండి. మందులూ మాకులూ వెయ్యకండి. అసలు మీరేమీ చెయ్యకపోతే అదే బతుకుతుంది." చిటికెన వేలంత కొమ్మను తెచ్చి, తలెత్తి చూసేంత చెట్టును చేసిన మనిషి ఆమె. ఆమె మాట వినుంటే ఈ కథే లేదు.

మొదటి ఆకు రాలినప్పుడు కౌంటరాయన పేపరు చదువుతున్నాడు. టప్ మని చిన్న చప్పుడు. తల తిప్పి చూస్తే అరచెయ్యంత ఆకు, పచ్చటి పసుపు రంగులో, నేల మీద పడి ఉంది. ఆకు తీసి జేబులో దాచుకున్నాడు, ఎవరో చూస్తారన్నట్టు. మర్నాడు నాలుగు పడ్డాయి. ఆ మర్నాడు జేబులు చాలలేదు.

కింది వాటా టైలరు మెడలో టేపు వేసుకుని పైకొచ్చి చెట్టును నఖశిఖ పర్యంతం కొలత తీసుకున్నట్టు చూశాడు. "దాహం బాబాయ్ గారూ, దాహం! ఆకు రంగు మారిందంటే లోపల ఎండిపోతోందన్నమాట. పొద్దునో బకెట్టు, సాయంత్రం ఓ బకెట్టు పొయ్యండి. కాస్త పంచదార కలిపితే నీరసం తగ్గుద్ది."

"పంచదారా?"

"మనకి నీరసమొస్తే తాగమా ఏంటి? చెట్టు మాత్రం ప్రాణి కాదా? అన్నట్టు, దాంతో మాట్లాడుతున్నారా? మాట్లాడకపోతే బెంగ పెట్టుకుంటాయంట."

కౌంటరాయన పంచదార నీళ్లు పోశాడు. చీమలు వచ్చాయి. చీమల కోసం పొడి చల్లాడు. మందుల షాపువాడి సలహా మీద బలం బిళ్లలు కుండీలో పాతాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పోసినకొద్దీ ఆకులు రాలాయి. ఇక మిగిలింది మాట్లాడటమే. ఆయనకు వచ్చిన మాటలు ఒకటే రకం. చెట్టు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "మీకు కలిగిన అసౌకర్యానికి ఎంతో చింతిస్తున్నాం. మీ ఫిర్యాదు నమోదైంది" అన్నాడు. ఇంకో ఆకు రాలింది.

చివరికి కొమ్మలకు మూడే ఆకులు మిగిలి, అవీ ఒక మధ్యాహ్నం ఆయన కళ్లముందే పడ్డాయి. అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలన్నారు కదా అని, ఆ మూడింటినీ జిగురుతో అతికించాడు. ఒళ్లంతా చెమట పట్టి, ఫ్యాను వేశాడు. తన కంపెనీ ఫ్యానే. గాలి ధాటికి మూడూ ఊడి మూడు మూలలకు ఎగిరిపోయాయి. హాల్లో మిగిలింది ఒక బోసి మోడు. కౌంటరాయన కుర్చీలో కూలబడ్డాడు. చెట్టు చచ్చిపోయింది. పాప క్రెష్‌కి వెళ్లిపోయింది. ముక్కు పట్టుకునే దిక్కు లేక తాను ఈ కుర్చీలోనే ముసలివాడైపోతాడు. ఇదంతా తలుచుకుని ఆయన నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

తుడుచుకున్న కళ్లతోనే జేబులోని ఆకును చూశాడు. అప్పుడు లోపలి కౌంటరు తెరుచుకుంది. అదే రంగు, అదే సైజు!

ఊరి నడిబొడ్డున అలంకరణ సామాన్ల పెద్ద దుకాణం ఉంది. అందులో పై అంతస్తు మొత్తం కృత్రిమ చెట్లే. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ కోసం వచ్చినవాడిలా కౌంటరాయన చేతిలో ఆకు పట్టుకుని చెట్టు చెట్టుకూ ఆనించి చూస్తుంటే సేల్సమ్మాయి వచ్చింది.

"ఏం కావాలి సార్?"

"ఇదిగో, ఈ ఆకుది. నా తలకన్నా జానెడు ఎత్తుండాలి. అదుగో, అక్కడ బిల్లు కౌంటరు పక్కనున్న దానిలాంటిది మాత్రం వద్దు. అన్నిట్లోకీ అదే బొత్తిగా నకిలీలా ఉంది, మా ఇంట్లో వాళ్లకి అనుమానం రాదూ?"

"అది అమ్మేది కాదు సార్. అదొక్కటే నిజం చెట్టు."

కౌంటరాయన కంగు తిన్నాడు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి ఒక చెట్టును భుజాన వేసుకొచ్చింది. అచ్చం అంజూరమే. అరచెయ్యి విప్పినట్టున్న ఆకులు, వాటి మీద ఈనెలు, ఒకటి రెండు ఆకులకు పురుగు కొట్టినట్టు చిల్లులు కూడా.

"మాను మాత్రం నిజం కర్రే సార్. గీకి చూసినా దొరకదు. ఆకులు గుడ్డా ప్లాస్టిక్కూ కలిపినవి. నీళ్లక్కర్లేదు, ఎండక్కర్లేదు."

"ఆకులు రాలతాయా?" ఆయన చుట్టూ చూసి మెల్లిగా అడిగాడు.

"ఈ జన్మలో రాలవు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ఎప్పుడు చూసినా ఇలాగే ఉంటుంది. గ్యారంటీ."

"అమ్మా, నువ్వు చల్లగా ఉండాలి" అన్నాడు కౌంటరాయన. ఆ గ్యారంటీ తన కొంప ముంచబోతోందని ఆయనకేం తెలుసు?

అంచు పెచ్చు లేచిన ఆ మట్టికుండీని భార్య కళ్లు మూసుకుని కూడా గుర్తుపడుతుంది. అందుకని మోడును వేళ్లూ మట్టీతో సహా పెళ్లగించి పాత బకెట్టులోకి మార్చి, కొత్త చెట్టును కుండీలో నిలబెట్టి మట్టి కప్పాడు. మోడును చెత్తకుండీలో వేయడానికి చేతులు రాలేదు. మేడ మీదికి మోసుకెళ్లి నీళ్ల ట్యాంకు వెనకాల ఒక దుప్పటి కప్పి, "క్షమించమ్మా" అని దణ్ణం పెట్టి దిగి వచ్చాడు. ఫోనులో భార్య "చెట్టు బాగుందా?" అంటే "నువ్వే చూస్తావుగా!" అన్నాడు గర్వంగా.

ఆమె రానే వచ్చింది. సంచీ గుమ్మంలో పెట్టి, చెప్పులు విప్పుతూ హాల్లోకి చూసి, ఒక చెప్పు కాలికుండగానే కొయ్యబారిపోయింది.

"ఏవండీ! ఇదేంటండీ! ఆకులున్నాయి!"

"ఉన్నాయి! అన్నీ ఉన్నాయి! ఒక్కటి రాలితే ఒట్టు!"

"అదే అడుగుతున్నా. ఎందుకున్నాయి?"

కౌంటరాయన నోరు తెరిచాడు. ఉద్యోగ జీవితంలో, వస్తువు బాగుందని ఫిర్యాదు చేసిన మనిషిని ఆయన చూడలేదు.

"ఏటా ఈ కాలానికి ఆకంతా దులుపుకుని మోడైపోతుంది కదండీ. చలి తగ్గాక చిగురేస్తుంది. ఇన్నేళ్లూ మీ కళ్లముందే జరిగింది, చూళ్లేదా?"

నిజమే, చూడలేదు. పొద్దు పొడవకముందే వెళ్లి పొద్దుగూకాక వచ్చిన మనిషి. హాల్లో చెట్టుందని తెలుసు. అది ఏడాదికోసారి బోడిదవుతుందని తెలియదు. అంటే తాను పంచదార నీళ్లు పోసి, బిళ్లలు పాతి, క్షమాపణలు చెప్పి, దుప్పటి కప్పిన ఆ మోడు... ఆయన చూపు మేడ మెట్ల వైపు పోయింది. ఇప్పుడైనా నిజం చెప్పేయాలనే అనుకున్నాడు. కానీ సాయంత్రం కూతురొస్తుంది, పాప వస్తుంది. చెట్టు మోడవడం మామూలేనని చెప్పి మోడును దించుకొస్తే, ఈ ప్లాస్టిక్ చెట్టెందుకు తెచ్చినట్టు?

భార్య దగ్గరికి రాబోయింది. "ముట్టుకోకు!" అని అరిచాడు. ఆమె ఉలిక్కిపడింది. "అదే... ఏదైనా తెగులేమో. ముట్టుకున్న చేత్తో మిగతా కుండీలు ముట్టుకుంటే అన్నిటికీ అంటుకోదూ?"

ఆమె ఆయన వంక ఆశ్చర్యంగా చూసింది. "మీకు ఇన్ని సంగతులు ఎప్పుడు తెలిశాయండీ! నిజమే. ఆకు రాల్చాల్సిన కాలంలో రాల్చలేదంటే దీనికేదో పెద్ద జబ్బే చేసింది" అంటూ ఫోను తీసింది. ఆయన ఆపేలోపే అవతల గొంతు పలికింది. ఊళ్లోని మొక్కల సంఘానికి అధ్యక్షుడు, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. చెట్ల గురించి ఆయన మాట్లాడటం మొదలుపెడితే చెట్లు కూడా అలసిపోతాయంటారు.

లెక్చరరు సాయంత్రానికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. సంఘం సభ్యులు ఒక్కొక్కరే దిగి గుమ్మం ముందు చెప్పులు గుట్ట పోశారు. టైలరు కూడా టేపుతో సహా పైకొచ్చాడు. లెక్చరరు చేతులు వెనక్కి కట్టుకుని చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముట్టుకోవద్దని ముందే చెప్పారు కాబట్టి గోరుతో మానును మాత్రం కాస్త గీకాడు. నిజం కర్రే. ఆయన మొహం వెలిగిపోయింది.

"అమ్మా, ఇది జబ్బు కాదు, అద్భుతం! ఋతువునే ధిక్కరించిన అంజూరం! ఇన్నేళ్ల నా సర్వీసులో ఇలాంటి ఆరోగ్యం చూడలేదు. ఎవరి పెంపకం ఇది?"

అందరూ కౌంటరాయన వంక తిరిగారు. ఆయన గోడకు అతుక్కుపోయాడు. అప్పుడే కూతురు పాపనెత్తుకుని లోపలికొచ్చింది. "మా నాన్న!" అంది, ఆ గొంతులోని గర్వానికి ఆయన గుండె చెరువైంది.

"సార్, రాత్రిళ్లు చెట్టున్న గదిలో పడుకుంటే ఊపిరాడక పోతారంట, నిజమేనా?" అని ఒకావిడ అడిగింది.

"శుద్ధ అపోహ. కుండీలో చెట్టు వదిలే చెడ్డగాలికన్నా పక్కన పడుకున్న మీవారు వదిలేదే ఎక్కువ. పగలంటారా, ఒకసారి అందరూ గట్టిగా గాలి పీల్చండి. ఎంత తేలిగ్గా ఉందో చూశారా? అదంతా ఈ చెట్టు చలవే!"

హాలంతా గాలి పీల్చింది. టైలరు ఛాతీ తడుముకుని నిజంగానే ఆయాసం తగ్గిందన్నాడు. పొద్దుట్నుంచీ ఉన్న తలనొప్పి పోయిందని ఇంకొకావిడ సాక్ష్యం చెప్పింది. కౌంటరాయన ఒక్కడికే ఊపిరాడటం లేదు.

"ప్లాస్టిక్ చెట్టయితే చాకిరీ ఉండదు, ఒకసారి కొంటే శాశ్వతం అంటారు కదండీ?"

"దుమ్ము తుడవలేక చేతులు పడిపోతాయమ్మా. కొన్నాళ్లకి రంగు వెలిసి దెయ్యంలా తయారవుతుంది. అయినా ప్రాణమున్న చెట్టుకీ ప్లాస్టిక్ చెట్టుకీ పోలికా? గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపెట్టేస్తాను నేను. ఆ జీవకళ వేరు!" అని లెక్చరరు జీవకళ వైపు చెయ్యి చూపించాడు.

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపను చాప మీద కూర్చోబెట్టి తండ్రి దగ్గరికొచ్చింది. "నిన్ను తక్కువగా అనుకున్నాను నాన్నా. అమ్మ కూడా చెయ్యలేనిది చేశావు. రేపే క్రెష్ వాళ్లకి వద్దని చెప్పేస్తా. సోమవారం నుంచి పాప నీ దగ్గరే."

ఆయన కోరుకున్నది ఇదే. ఇందుకోసమే ఇంత అబద్ధమూ. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. కానీ ఆయన కళ్లు కూతురి మీద లేవు. చాప ఖాళీగా ఉంది. జనం కాళ్ల మధ్య నుంచి పాకుతూ పాప కుండీ దగ్గరికి చేరింది, మాను పట్టుకుని నిలబడింది, చేతికందిన ఆకును పీకింది. ఈ జన్మలో రాలదని గ్యారంటీ ఉన్న ఆకు ఠక్కున ఊడి వచ్చింది. పాప దాన్ని తీసుకెళ్లి నోట్లో పెట్టుకుంది. పళ్లొస్తున్న పిల్ల, ఏది దొరికినా నమిలేస్తుంది.

కౌంటరాయన ఎగిరాడు. దారిలో ఒక కుర్చీ, టైలరు, కాఫీ కప్పుల పళ్లెం ఉన్నాయి. ఏదీ నిలబడలేదు. పాప నోట్లో వేలు పెట్టి ఆకు బయటికి లాగాడు. ఆకు వచ్చింది గానీ కాడ లేదు.

"ఆకేగా నాన్నా, ఎందుకంత కంగారు?" అంది కూతురు.

"ఫర్వాలేదమ్మా, ప్రకృతి సహజమైనది కడుపులోకెళ్తే ఏమీ కాదు" అన్నాడు లెక్చరరు, అదీ తప్పే. అంజూర ఆకు పాలు నోటికి తగిలితే పుండ్లు పడతాయని చెప్పబోతున్న భార్యను కౌంటరాయన కేక ఆపేసింది.

"ప్రకృతి కాదయ్యా, ప్లాస్టిక్కు! అంతా ప్లాస్టిక్కే! నేనే కొనుక్కొచ్చి పెట్టా! కాడలో తీగముక్క ఉంది, గొంతులోకి పోయిందేమో చూడమ్మా, ముందు చూడు!"

కూతురు ఒక్క అంగలో వచ్చి పాపను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు తట్టింది. తిప్పి నోరు తెరిచి చూసింది. అమ్మమ్మ టార్చి పట్టుకుంది. అప్పుడు టైలరు, "గుప్పిట, గుప్పిట చూడండి" అన్నాడు. బిగించిన ఎడమ గుప్పిట విప్పితే ఆకుపచ్చ కాడ, లోపలి తీగతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. పాప దాన్ని తిరిగి ఇమ్మని రాగం తీసింది. కౌంటరాయన నేల మీదే కూర్చుండిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

లెక్చరరు కళ్లజోడు తుడుచుకుని, "నాకు మొదట్నుంచీ కాస్త అనుమానంగానే ఉంది" అన్నాడు. తలనొప్పి పోయిన ఆవిడకు మళ్లీ వచ్చింది. టైలరు ఛాతీ పట్టుకున్నాడు.

"నా చెట్టేది?" అంది భార్య.

అందరూ మేడెక్కారు. ట్యాంకు వెనకాల దుప్పటి తీసి, ఆమె బకెట్టులోని మోడు ముందు కూర్చుని బొటనవేలి గోటితో బెరడును కొంచెం గీకింది. కింద లేత ఆకుపచ్చ, తడితడిగా. "బతికే ఉంది" అంది, అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు బయటికొచ్చేసింది. "నిద్రపోతోందంతే." ఈసారి లెక్చరరు చాలా మెల్లిగా, నిద్రలో ఉన్నప్పుడు కుండీ మార్చినా చెట్టుకేం కాదని, నిజానికి మార్చాల్సింది అప్పుడేనని అన్నాడు. రోజూ ఆ పంచదార నీళ్ల పోత తప్పడమే దానికి మేలైందట. ఎవరూ ఆయన్ని ప్రశ్నలు అడగలేదు.

జనం వెళ్లిపోయాక హాల్లో నలుగురే మిగిలారు. కూతురు చాలాసేపు ఏదో లెక్కలు వేసుకుంటున్నట్టు కూర్చుంది.

"నాన్నా, అయితే నా కుందేలు..."

కౌంటరాయన సీలింగు ఫ్యాను వంక చూశాడు.

"ఎన్ని?"

"మూడు" అన్నాడు. "మొదటిదాంతో కలిపి."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, బహుశా ఆమెకూ తెలియదు. కౌంటరాయన లేచి పాప సంచీ సర్దడం మొదలుపెట్టాడు. పాలసీసా, గిలక్కాయ, ఊలు టోపీ. క్రెష్‌లో చలిగా ఉంటుందేమోనని టోపీని సంచీలో పైకి కనబడేలా పెట్టబోయాడు.

"ఏం చేస్తున్నావు?"

"క్రెష్‌కి..."

"క్రెష్ వాళ్లకి మెసేజ్ పెట్టేశా, పాప రావట్లేదని." ఆయన చేతిలోంచి టోపీ జారిపోయింది. "చెట్టు పరీక్షలో నువ్వు ఫెయిలే నాన్నా, గుండుసున్నా. కానీ ఇందాక ఈ గదిలో అంతమంది పెద్దవాళ్లున్నారా, ఒక్కరన్నా పాపని చూశారా? కన్నతల్లిని, నేనూ ఆ ప్లాస్టిక్ చెట్టునే నోరెళ్లబెట్టి చూస్తున్నా. చూస్తున్నది నువ్వొక్కడివే. పాప దక్కుతుందనగా దాన్ని పోగొట్టుకునే మాట నీ నోటితో నువ్వే అరిచావు. ఇంతకన్నా ఏం కావాలి నాకు?"

కౌంటరాయనకు ఇది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మకం కుదరక భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే పాపను తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. పాప తడుముకోకుండా ముక్కు పట్టుకుంది.

"ఒక్క మాట వినండి" అంది భార్య. "ఏడిస్తే ఎత్తుకోండి. ఒళ్లు వెచ్చబడితే మాకు ఫోన్ చెయ్యండి. అంతేగానీ, మేం ఇంటికొచ్చేలోపు మార్చి పెట్టకండి."